బ్లాక్ హైకింగ్ గ్రూపులు వేరుగా ఎందుకు? మనం వాళ్ళతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బే ఏరియాకి వచ్చి ఆరు నెలలైంది, పోయిన శనివారం ఓక్లాండ్ కొండల మీద రెడ్‌వుడ్ చెట్ల మధ్య నడుస్తుంటే ముప్ఫై మంది దాకా నల్లజాతి వాళ్ళు నవ్వుకుంటూ ఎదురయ్యారు, వాళ్ళలో ఒకావిడ చెయ్యూపి పలకరించారు, మీకూ వాళ్ళతో కలిసి నడవాలనిపించింది. మీ రూమ్మేట్ మాత్రం "పార్కు అందరిదీ కదా, వీళ్ళకి వేరే గ్రూపు ఎందుకు, తెల్లవాళ్ళు ఇలా పెట్టుకుంటే ఊరుకుంటారా" అన్నాడు. అతనన్నది సబబేనా, మీరు వెళ్తే వాళ్ళేమైనా అనుకుంటారా అని.

నేరుగా చెప్తాను. వెళ్ళొచ్చు, తప్పకుండా వెళ్ళండి. పదకొండేళ్ళుగా ఇలాంటి నడకలకి వెళ్తున్నాను, ఒక్కరు కూడా నువ్వెందుకొచ్చావని అడగలేదు. ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోండి, ఇది వాళ్ళు పెట్టిన షరతు కాదు, నేను తప్పు చేసి నేర్చుకున్నది: అక్కడ ముందు నడిచేది వాళ్ళు, మనం వెనక నడవాలి. ముందు ఎవరు నడుస్తారు అన్నదే ఇక్కడ అసలు విషయం. మీ రూమ్మేట్‌కి జవాబు కూడా అందులోనే ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఓక్లాండ్‌లో ఉండబట్టి పందొమ్మిదేళ్ళయింది. ఇక్కడి పార్కుల్లో వాలంటీరుగా స్కూలు పిల్లలకి చెట్లూ పిట్టలూ చూపిస్తుంటాను. ఔట్‌డోర్ ఆఫ్రో అనే సంస్థలో ట్రైనింగ్ తీసుకుని నడకలు నడిపించే ఒకావిడ మా ఆఫీసులో నా పక్క సీటు, ఆవిడే నన్ను మొదటిసారి తీసుకెళ్ళారు. మీరు చూసిన గుంపు వాళ్ళదో ఇంకొకరిదో నాకు తెలీదు, ఇప్పుడు ఇలాంటివి చాలా ఉన్నాయి. ఈ సంస్థని మాత్రం 2009లో రూ మాప్ అనే ఆవిడ ఇక్కడే, ఓక్లాండ్‌లో మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఆవిడ వారాంతాలూ సెలవులూ లేక్ కౌంటీలో ఉన్న వాళ్ళ కుటుంబం పొలంలో గడిపేవారట, చేపలు పట్టడం, తోటపని, వేట అన్నీ ఇంట్లోవాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. పెద్దయ్యాక కొండలెక్కడానికి వెళ్తే చుట్టూ తనలాంటి మొహం ఒక్కటీ కనిపించేది కాదు. అక్కడి నుంచి పుట్టిందే ఇది. ఈరోజు దేశమంతా వందమందికి పైగా వాలంటీరు లీడర్లున్నారు.

ఇప్పుడు మీ రూమ్మేట్ మాట. "తెల్లవాళ్ళు ఇలా పెట్టుకుంటే" అన్నాడు కదా, వాళ్ళు పెట్టుకున్నారు, చాలాకాలం పార్కంటేనే వాళ్ళ గ్రూపు. వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్కు ఉంది, వాషింగ్టన్‌లో ఉండే మనవాళ్ళు ఆకురాలు కాలంలో రంగులు చూడ్డానికి కార్లు వేసుకుని వెళ్ళేది అక్కడికే. అక్కడ 1939లో నల్లజాతి వాళ్ళకోసమని లూయిస్ మౌంటెన్ అనే క్యాంపు విడిగా తెరిచారు, దారి చూపించే బోర్డు మీదే అది నీగ్రోల ప్రాంతమని రాసి ఉండేది. ఆ ఏర్పాటు పూర్తిగా పోయింది 1950కి. మరీ పాత కథ కాదండీ, ఎనభై దాటిన అమ్మమ్మలు చిన్నప్పుడు కళ్ళారా చూసిన బోర్డు అది.

అదంతా దక్షిణాది గొడవ, కాలిఫోర్నియాలో అలాంటివి లేవు అంటారు మనవాళ్ళు. లాస్ ఏంజెలెస్ పక్కన మాన్‌హట్టన్ బీచ్‌లో విల్లా బ్రూస్, చార్లెస్ బ్రూస్ అనే నల్లజాతి దంపతులు 1912లో సముద్రం ఒడ్డున స్థలం కొని, తమవాళ్ళు వచ్చి స్నానాలు చేసి సరదాగా గడిపేందుకు రిసార్టు నడిపారు. చుట్టుపక్కల తెల్లవాళ్ళు పెట్టని బాధ లేదు. చివరికి 1924లో పార్కు కడతామని చెప్పి నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని లాక్కుంది, ఆ తర్వాత దశాబ్దాలపాటు అక్కడ ఏమీ కట్టలేదు. వాళ్ళ వారసులకి అది తిరిగొచ్చింది ఎప్పుడో తెలుసా, 2022లో. తొంభై ఎనిమిదేళ్ళు. ఆ దంపతులు చూసుకోలేదు, వాళ్ళ పిల్లలూ చూసుకోలేదు.

పైగా అడవంటే ఆ ఇళ్ళల్లో ఇంకో జ్ఞాపకం ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మనుషుల్ని చెట్లకి ఉరివేసి చంపిన కాలంలో, చీకటి పడ్డాక అడవి వైపు వెళ్ళొద్దని తల్లులు బిడ్డలకి చెప్పేవారు. కారణం చెప్పేవారు కాదు, వెళ్ళొద్దని మాత్రం చెప్పేవారు. ఆ మాట తరాలు దాటి వచ్చింది. ఇప్పుడైనా నిశ్చింతగా ఉందా అంటే, 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పిట్టల్ని చూసుకుంటున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి ఆయన ఒక తెల్లావిడని కుక్కకి తాడు కట్టమని అడిగితే, "ఒక నల్లజాతి మనిషి నన్ను బెదిరిస్తున్నాడు" అని ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని మినియాపొలిస్‌లో పోలీసు చంపిందీ ఆ రోజే. వారం తిరక్కుండానే దేశంలోని నల్లజాతి పక్షి పరిశీలకులు, శాస్త్రవేత్తలు కలిసి బ్లాక్ బర్డర్స్ వీక్ మొదలుపెట్టారు, మేమూ ఇక్కడే ఉన్నాం, మేమూ పిట్టల్ని చూస్తాం అని. ఏడవడానికి కావలసినంత కారణం ఉన్న వారంలో వాళ్ళు ఫొటోలు పెట్టుకుని, ఒకరికొకరు పిట్టల పేర్లు చెప్పుకున్నారు. ఆ ఫొటోలు నేను రాత్రంతా చూస్తూ కూర్చున్నాను.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది చెప్పాలి. ఈ చరిత్ర చదివి "పాపం వీళ్ళు అడవికి దూరమైపోయారు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు" అనుకుంటే అది రెండో తప్పు. అడవికి వాళ్ళు కొత్త కాదు, వాళ్ళ పేరు బోర్డుల మీద లేదంతే.

కెంటకీలో మామత్ కేవ్ ఉంది, ప్రపంచంలో మనకి తెలిసిన గుహల్లో అతి పొడవైనది. 1838లో స్టీఫెన్ బిషప్ అనే బానిస కుర్రాడిని దాంట్లో గైడుగా పెట్టారు, వయసు ఇరవై లోపే. అంతవరకు ఎవరూ దాటని ఒక లోతైన గుంటని అతను దాటి అవతల మైళ్ళకొద్దీ దారులు కనిపెట్టాడు, గుహలోని నదుల్లో కళ్ళు లేని చేపల్ని చూశాడు. 1842లో తను తిరిగిన దారులన్నిటినీ తలలో పెట్టుకుని మ్యాపు గీశాడు. ఒక్కసారి ఊహించుకోండి. బయట వెలుతురులో అతను ఒకరి ఆస్తి, అమ్మొచ్చు, కొనొచ్చు. లోపల చీకట్లో దేశదేశాల నుంచి వచ్చిన డబ్బున్న తెల్లవాళ్ళు అతని చేతిలోని దీపం వెంట నడిచారు, అడుగు ఎక్కడ వెయ్యాలో అతను చెప్తే అక్కడ వేశారు. కొవ్వొత్తి పొగతో గుహ గోడల మీద రాసుకున్న అతని పేరు ఇప్పటికీ ఉంది. మూడేళ్ళ కిందట వెళ్ళి చూశాను. ఆ అక్షరాల కింద నిలబడితే నాకు మాట రాలేదు. అతనికి స్వేచ్ఛ వచ్చింది 1856లో, మరుసటి ఏడే చనిపోయాడు.

మన కాలిఫోర్నియా సంగతే తీసుకోండి. సెకోయా పార్కులో జెయింట్ ఫారెస్ట్‌కి బళ్ళు వెళ్ళే రోడ్డు పూర్తయింది 1903 వేసవిలో. చేయించింది కెప్టెన్ చార్లెస్ యంగ్, బానిస దంపతులకి పుట్టి వెస్ట్ పాయింట్‌లో చదివి పాసైన మూడో నల్లజాతి అధికారి. ఆ వేసవి ఆ పార్కు బాధ్యత అంతా ఆయన చేతిలో ఉంది. ఆయన దళంలోని నల్లజాతి సైనికుల్ని బఫెలో సోల్జర్స్ అనేవారు, శాన్ ఫ్రాన్సిస్కో ప్రెసిడియో నుంచి గుర్రాల మీద వచ్చి రోడ్డు వేశారు, దొంగతనంగా గొర్రెలు మేపేవాళ్ళని తరిమారు. పని అయ్యాక ఊరివాళ్ళు ఒక పెద్ద చెట్టుకి మీ పేరు పెడతామంటే, నాకొద్దు, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టండి అన్నారాయన. యంగ్ పేరు ఒక చెట్టుకి పెట్టింది 2004లో. మనవాళ్ళు ఏటా సెకోయా వెళ్ళి జనరల్ షెర్మన్ చెట్టు ముందు ఫొటో దిగి వస్తారు, ఈసారి వెళ్తే యంగ్ చెట్టు ఎక్కడుందో రేంజర్‌ని అడిగి చూసి రండి.

సరే, గ్రూపులో ఏం జరుగుతుందో చెప్తాను, మీకు కావలసింది అది. నడక మొదలయ్యే ముందు అందరూ గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరు పేరు చెప్పి, ఈ వారం ఎలా గడిచిందో ఒక్క మాటలో చెప్తారు. లీడర్ ఎంత దూరం, ఎక్కడ ఎత్తు, ఎక్కడ ఆగుతాం అన్నీ వివరిస్తారు. లీడర్ ముందు, ఇంకొకరు అందరికంటే చివర, మధ్యలో అందరూ. ఎవరికైనా ఆయాసమొస్తే వాళ్ళని బట్టి గుంపు నడకా నెమ్మదిస్తుంది, ఇంత టైములో కొట్టేద్దాం అనేది ఉండదు. మొదటిసారి నాకు కొంచెం విసుగొచ్చింది, మాట దాచను, గంటకి మూడు మైళ్ళు నడిచే అలవాటు నాది.

ఆ విసుగు పోయిన రోజు చెప్తాను. డిసెంబర్ నెల, రెడ్‌వుడ్ పార్కులో స్ట్రీమ్ ట్రైల్. చలికాలం వస్తే అక్కడికి అక్షింతల పురుగులు (లేడీబగ్స్) వేలకి వేలు వచ్చి చేరతాయి, ఫెర్న్ ఆకుల మీద, కూలిన మొద్దుల మీద, కంచె స్తంభాల మీద. దూరం నుంచి ఎర్ర రంగు పూసినట్టుంటుంది, దగ్గరికెళ్తే ఆ రంగు కదులుతుంది. మాతో డెబ్బై దాటిన ఒకావిడ వచ్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆవిడ తండ్రి లూసియానా నుంచి వచ్చి రిచ్మండ్ ఓడల కార్ఖానాలో పనికి కుదిరారట, ఆవిడ పుట్టి పెరిగింది ఓక్లాండ్‌లోనే, ఆ చెట్లకి ఐదారు మైళ్ళలోపు. కానీ ఆ అడవికి రావడం అదే మొదలు. మొద్దు దగ్గర వంగి, చేతి తొడుగు తీసేసి, వేలు అలా పెట్టారు. ఒక పురుగు ఎక్కింది, తర్వాత ఇంకోటి, ఇంకోటి, గోరు మీద నుంచి ముడతల్లోకి దిగి మణికట్టు దాకా పాకాయి. ఆవిడ పాట మొదలుపెట్టారు, చర్చిలో పాడే పాట, మొదట గొంతు లోపలే, తర్వాత అందరికీ వినిపించేలా. గుంపులో సగం మందికి ఆ పాట వచ్చు. అంత పొడుగు చెట్ల కింద ఆ పాట ఎలా వినిపించిందో రాయడం నా వల్ల కాదు. తర్వాత బెంచీ మీద కూర్చుని నాతో ఆవిడ అన్నది: మా నాన్నకి ప్రతి చెట్టూ తెలుసు, లూసియానాలో అడవిలోనే పెరిగాడు, కానీ మమ్మల్ని ఒక్కనాడూ తీసుకురాలేదు, ఎందుకో నేను అడగలేదు. అంతే అన్నారు. నేనూ ఇంకేమీ అడగలేదు.

ఆ పాట, ఆ వేలు, ఆ మాట నేను పార్కు తరఫున నడిపించే నడకల్లో ఎప్పటికీ రావు, ఎంత బాగా నడిపించినా రావు. ఆవిడ వచ్చింది ముందు నిలబడ్డ మనిషి ఆవిడ కూతురిలా ఉంది కాబట్టి. రూ మాప్ కూడా 2014 చివర్లో, ఫెర్గూసన్ అనే ఊళ్ళో నల్లజాతి కుర్రాడిని కాల్చి చంపిన పోలీసు మీద కేసు ఉండదని తేల్చిన తర్వాత ఓక్లాండ్ రోడ్లన్నీ నిరసనలతో, పైన హెలికాప్టర్లతో నిండిన రోజుల్లో, తనవాళ్ళని ఇదే రెడ్‌వుడ్‌ల మధ్యకి తీసుకొచ్చారు, మనసు కుదుటపడేదాకా నడుద్దామని.

ఇక నేను చేసిన తప్పు. రెండో నడకలోనో మూడో నడకలోనో, లీడర్ ఒక చెట్టు గురించి చెప్తుంటే మధ్యలో అందుకుని దాని శాస్త్రీయ నామం, బెరడు మందం, నిప్పుకి ఎలా తట్టుకుంటుంది అన్నీ చెప్పేశాను. జనం నావైపు తిరిగారు. తర్వాత మలుపులో కూడా నన్నే అడిగారు, నేనూ ఉత్సాహంగా ముందుకెళ్ళి చెప్పుకుంటూ పోయాను. నడక అయ్యాక లీడర్ నన్ను పక్కకి పిలిచి, నవ్వుతూనే, "నీకు తెలుసని నాకు తెలుసు. కానీ ఈ పిల్లలు అడవి గురించి నా నోటితో వినాలి" అన్నారు. గుంపులో ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఐదుగురున్నారు, అప్పుడు గమనించాను. వాళ్ళు చూసిన రేంజర్లు, టీవీల్లో చూసిన గైడ్లు దాదాపు అందరూ తెల్లవాళ్ళు, వాళ్ళకి తమలాంటి మనిషి అడవిలో దారి చూపించడం కనిపించే రెండు గంటల్ని నేను తీసేసుకున్నాను. ఆ రోజు నుంచి అడిగితే తప్ప నోరు విప్పను. మీకు ఏమీ తెలియకపోతే ఇంకా మంచిది, ఈ బాధ ఉండదు.

నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మనకీ తగులుతుంది. అమెరికాలో 10 నుంచి 14 ఏళ్ళ నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లలకంటే 7.6 రెట్లు ఎక్కువ, ఇది ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పిన లెక్క. కారణం భయమో బద్ధకమో కాదు. 1919లో షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు తెప్ప మీద ఆడుకుంటూ తెల్లవాళ్ళ ఒడ్డు వైపు కొట్టుకుపోతే ఒకడు రాళ్ళు విసిరాడు, పిల్లాడు మునిగిపోయాడు, తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. నీళ్ళలో గీత ఎవరు గీస్తారు చెప్పండి. తర్వాత పూల్స్‌లో అందరినీ రానివ్వాలని కోర్టులు చెప్తే, చాలా ఊళ్ళు పూల్‌నే మూసేశాయి, కొన్నిచోట్ల మట్టి పోసి పూడ్చేశారు. ఊరి చెరువులో, బావిలో ఎవరు నీళ్ళు తోడుకోవచ్చో శాసించిన దేశం నుంచి వచ్చినవాళ్ళం, మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తాత ఈత నేర్చుకోలేదు, తండ్రికి నేర్పలేదు, తండ్రి బిడ్డకి నేర్పలేదు. ఔట్‌డోర్ ఆఫ్రో 2019 నుంచి పిల్లలకీ, వాళ్ళ పెద్దలకీ ఈత ఫీజులు కట్టి నేర్పిస్తోంది. మన విద్యార్థులు ఇక్కడ చెరువుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. మీకు ఈత రాకపోతే ఈ వేసవికి ముందే మీ ఊరి కమ్యూనిటీ పూల్‌లో చేరండి, దయచేసి.

"మరి ఇది మన కులాల వనభోజనాల్లాంటిదేగా" అని ఇదివరకు ఒకతను నన్నడిగాడు. కాదు. కార్తీకంలో కులం పేరు పెట్టి తోటలో భోజనాలు పెట్టుకునే చోట బయటివాణ్ణి రమ్మనరు, ఉన్న బలం ఇంకొంచెం చూపించుకోవడమే అక్కడి పని. ఇక్కడ తలుపు మూయించుకున్నవాళ్ళు తామే తలుపు తీసి, అందరూ రండి అంటున్నారు. పోలిక కావాలంటే వేరేది చెప్తాను. 2014లో గురుకుల పాఠశాలల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఊళ్ళల్లో ఎంతమంది తల్లిదండ్రులు తలెత్తుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. 2022 మే 12న ఫిలిప్ హెండర్సన్ నాయకత్వంలోని నల్లజాతి బృందం నుంచి ఏడుగురు అదే శిఖరం మీద నిలబడ్డారు, అందరూ నల్లజాతి వాళ్ళే ఉన్న బృందం ఎవరెస్ట్ ఎక్కడం అదే మొదలు. ఆ ఉదయం నా పక్క సీటు ఆవిడ డెస్క్ దగ్గర ఏడ్చారు, నేను పూర్ణ సంగతి చెప్పాను, ఇద్దరం ఫోన్‌లో ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాం.

ఇంకొక్కటి, చేదైనా చెప్తాను. మన ఇళ్ళల్లో, వాట్సాప్ గ్రూపుల్లో "నల్లోళ్ళ ఏరియా, జాగ్రత్త" అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో మీకూ తెలుసు. ఆ మాట నోట్లో పెట్టుకుని ఆ గుండ్రంలో నిలబడలేం. మీ రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్ళండి, వాదన ఇంట్లో కంటే అక్కడ తొందరగా తేలుతుంది.

వెళ్ళేటప్పుడు: పేరు ముందే నమోదు చేసుకోండి, కొన్ని నడకలు కుటుంబాలకో ఆడవాళ్ళకో ప్రత్యేకం, వివరాల్లో రాసి ఉంటుంది. అడగకుండా ఎవరి ఫొటో తీయొద్దు, ముఖ్యంగా పిల్లలది. కలిసిన ఐదు నిమిషాలకే బానిసత్వం గురించి ప్రశ్నలు వెయ్యొద్దు, వాళ్ళు వచ్చింది సంతోషంగా ఉండటానికి. రెండు లీటర్ల నీళ్ళు, పొద్దున మంచు ఉంటుంది కాబట్టి పైన ఒక జాకెట్. మూడేసి ఆకులు మెరుస్తూ కనిపిస్తే ముట్టుకోవద్దు, పాయిజన్ ఓక్, వారం రోజులు దురద. పంచుకోవడానికి ఏదైనా పట్టుకెళ్ళండి. నేను పులిహోర తీసుకెళ్తాను, డబ్బా ఒక్కసారీ మిగిలి ఇంటికి రాలేదు.

నవంబర్ మధ్యకల్లా అక్షింతల పురుగులు చేరడం మొదలవుతుంది, ఫిబ్రవరి దాకా ఉంటాయి. రెడ్‌వుడ్ పార్కు స్కైలైన్ గేట్ దగ్గర శనివారాలు తొమ్మిదికే పార్కింగ్ నిండిపోతుంది, ఎనిమిదిన్నరకల్లా చేరుకోండి. కాళ్ళ కింద చూసుకుని నడవండి, ఆ పురుగులు బాట మీద కూడా పాకుతుంటాయి.